పొగాకు పూల బతుకమ్మ

మొన్న కంట్లో వేసుకునే చుక్కల మందు కోసం నిజామాబాద్ పోయాను. బోధన్ బస్సుకు ఇంకా టైముందని బజారులో తిరుగుతుంటే ఒక దుకాణం ముందు బతుకమ్మలు వేలాడుతూ కనిపించాయి. బతుకమ్మను పేరుస్తారు, నెత్తిన మోస్తారు, నీళ్ళలో వదులుతారు. వేలాడదీయడం ఇన్నేళ్ళ నా బతుకులో ఎక్కడా చూడలేదు. థర్మకోల్ గుండ్రాల మీద ప్లాస్టిక్ పువ్వులు జిగురుతో అంటించి, పైన ఒక కొక్కెం పెట్టి, గొడుగుల పక్కన గొడుగుల్లాగే తగిలించారు.

నాలో నేను తిట్టుకుంటూ దాటిపోయేవాణ్ణే. నడిమి వరుసలో ఒక పువ్వు నన్ను ఆపింది. పొడుగాటి సన్నని గొట్టం, కొసన ఐదు మూలలుగా విచ్చుకున్న లేత గులాబీ రంగు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"గిదేం పువ్వు బేటా?" అని దుకాణమతన్ని అడిగాను.

"ప్లాస్టిక్ పువ్వు, పెద్దమనిషీ."

"ప్లాస్టిక్ అని నాకూ కనవడ్తంది. ఏం పువ్వును సూసి చేసిండ్రు?"

"గదంత మాకేమెరుక? మాల్ బయటి నుంచి వస్తది. తీసుకుంటవా, ఊకెనే సూస్తవా?"

నడి బజారులో నిలబడి నవ్వాను. అతను నాకు మతి పోయిందనుకుని ఉంటాడు. అది అచ్చం పొగాకు పువ్వు. చేసినవాడికి తెలియదు, అమ్మేవాడికి తెలియదు, కొనేవాళ్ళకు అసలే తెలియదు. పద్నాలుగేళ్ళ కింద ఇదే పువ్వు కోసం మా గల్లీ ఆడవాళ్ళు రెండు జట్లయ్యారు. చెట్టుకు పూసినప్పుడు గౌరమ్మకు పనికిరాని పువ్వు, ప్లాస్టిక్ అయ్యేసరికి పనికొచ్చింది!

ఆ పువ్వు మా గల్లీకి తెచ్చినామె ఈ ఆషాఢంలో చందూర్లో కూతురి దగ్గర పోయింది. బోధన్లో ఆమె ఇల్లు అంతకు ముందే అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు ఎండాకాలంలోనే పెరడంతా చదును చేసి సిమెంటు పోశారు. ఇప్పుడక్కడ రెండు మోటారు సైకిళ్ళు నిలబడతాయి. ఆమె పొగాకు నాకు తెలిసి ఇప్పుడు ఒక్కటంటే ఒక్క మొక్కగా మిగిలి ఉంది. అది మా ఇంటికి ఆనుకుని, మూసేసి ఉన్న నా సైకిల్ షాపు ముందు పెయింటు బకెట్లో ఉంది.

అప్పటికి సద్దుల బతుకమ్మకు, అంటే పండుగ ఆఖరి రోజుకు, ఇంక ఆరు రోజులే ఉన్నాయి. మొక్క పువ్వు మీద ఉంది. పువ్వులు కోస్తే కాయ పట్టదు, వచ్చే ఏటికి విత్తనం ఉండదు. కోయకపోతే ఈ ఏడు మా గల్లీ బతుకమ్మలో ఆమె పువ్వుల వరుస ఉండదు. ఏది పోగొట్టుకోవాలి? బస్సు బోధన్ చేరేదాకా అదే ఆలోచన.

ఆమెను మొదటిసారి చూసినప్పుడు మూగది అనుకున్నాను.

అప్పుడు నా షాపు బాగా నడిచేది. చెరకు బండ్లు రోడ్డు నిండా పోతుండేవి, వాటి వెంట సైకిళ్ళు, సైకిళ్ళ వెంట పంక్చర్లు. ఒక పొద్దున పొట్టి మనిషి, గట్టి మనిషి, మోకాళ్ళ కిందికి చీర దోపుకుని వచ్చి నిలబడింది. మూలన పడేసిన పాత ట్యూబుల కుప్పను వేలితో చూపించింది. "ఏం గావాలె?" అన్నాను. నోరు తెరవలేదు. ఆగమని చెయ్యి ఎత్తింది. అప్పుడు ముక్కులోంచి పొగ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె నింపాదిగా పెదవుల మధ్య నుంచి ఒక చుట్ట బయటికి లాగింది. నిప్పున్న కొస లోపలి నుంచి వచ్చింది, ఎర్రగా. నా చేతిలో పానా కింద పడింది.

"ఏం చూస్తావ్ అబ్బాయ్? మీ ఇంట్లో పొయ్యి లేదూ?" అంది. "ఈ ట్యూబులు ఏం చేస్తావు?"

"కాలవెడ్త."

"కాల్చేది నాకియ్యి. సొరపాదు కట్టుకోవాలి. తాడైతే తీగను కోసేస్తుంది. రబ్బరైతే అది లావెక్కిన కొద్దీ సాగుతుంది."

గోదావరి లంకల నుంచి వచ్చిన మనిషి. మా వైపు కాలువ నీళ్ళ కోసం వచ్చిన ఆంధ్ర రైతుల్లో ఆమె భర్త ఒకడు. చందూర్ దగ్గర ఆ రైతులు కట్టుకున్న క్యాంపు ఊళ్ళో భూమి ఉండేదట, తరువాత లేదట. ఎట్లా పోయింది, ఆయన ఎప్పుడు పోయాడు, బోధన్ ఎందుకు చేరింది, ఇవేవీ నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మా గల్లీలో ఒక పెంకుటిల్లు, దాని వెనక గుంటెడు పెరడు. ఆమె గురించి నాకు తెలిసిందంతా ఆ పెరట్లోనే తెలిసింది.

"నిప్పు లోపటికెందుకక్కా?" అని ఒకసారి అడిగాను.

"గాలికి ఆరదు. వానకు తడవదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి."

"నాలుక కాలదా?"

"అబద్ధమాడితే కాలుతుంది."

నా కంటే పదిహేనేళ్ళే పెద్ద, అందుకని నాకు ఆమె అక్క. నాకు అరవై దాటినా ఆమెకు నేను అబ్బాయినే. కోపమొస్తే "సైకిలబ్బాయ్", ఎగతాళికైతే "చదువుకున్న సైకిలబ్బాయ్". నేను బడికి పోలేదు. షాపుకు సామాను చుట్టి వచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, పెద్దయ్యాక పుస్తకాలు పట్టుకున్నవాణ్ణి. అందుకని ఏ కాగితం దొరికినా ఆమెకు చదివి వినిపించేవాణ్ణి. ఒకసారి కూరగాయల సాగు మీద ఎవరో పంచిన కరపత్రం చదివాను. బెండకు బెండకు మధ్య ఇంత దూరం ఉండాలని అందులో ఉంది. ఆమె కలుపు తీస్తూనే విన్నది. చుట్ట తీసి, "ఆ రాసినాయన చేతులు ఒకసారి చూపించమను. గోళ్ళలో మట్టి ఉంటే అట్లాగే నాటతాను" అంది.

పెరట్లోకి అడుగుపెడితే ముందు చిక్కుడు కంచె, దానికి నా ట్యూబుల నల్ల పట్టీలు. లోపల వంగ, మిరప, బెండ. వంగ మొక్కల మధ్య మధ్యన బంతి. పక్కనే సీతమ్మజడ, కట్లపూలు. సొరతీగ పెంకుల మీద. పడమటి గోడ వెంబడి వరుసగా పొగాకు, ఏనుగు చెవులంత ఆకులు. పాదుల మీద చెరకు చెత్త పరిచేది. బండ్ల మీంచి రోడ్డు మీద రాలిన చెత్తను తానే ఎత్తుకొచ్చేది. మొక్కలతో మాట్లాడేది అంటే ముద్దుగా అనుకోకండి. తిట్టేది. కాయని వంగ మొక్క ముందు నిలబడి, "సిగ్గు లేదూ? పక్కదాన్ని చూడు, నీతోనే నాటాను" అనేది. దానికి రెండు రోజులు నీళ్ళు తగ్గించేది. మూడో రోజు అది పూత పడితే, "తిడితే గాని వినవు" అని మగ్గుతో నీళ్ళు పోసేది.

పొగాకు మంచిదని నేను అనడం లేదు. నిప్పు పెట్టి పెట్టి ఆమె అంగిలి తెల్లగా మొద్దుబారింది. చివరికి అక్కడ లేచిన పుండే తీసుకుపోయిందని చందూర్ నుంచి కూతురు చెప్పింది. దాచి రాయడం నాకు చేతకాదు. ఆమె కూడా దాచలేదు. గల్లీ పిల్లలు ఎవరైనా ఆకు ముట్టుకుంటే చేతి మీద కొట్టేది. "ఇది నా రోగం. మీది మీరు వేరే వెతుక్కోండి" అనేది.

కాని ఆ ఆకును పండించే తీరు చూడాలి. చలికాలం పంటకు మొగ్గ కనబడగానే తల తుంచేది, బలమంతా ఆకులోకి దిగాలని. ఆకు ముదిరాక కోసి, దబ్బనంతో దారానికి గుచ్చి, చూరు కింద వేలాడగట్టేది. ఎండిన ఆకు మీద బెల్లం నీళ్ళు చిలకరించి, గోనె కింద మగ్గపెట్టేది. "ఆకు మా లంకది, తీపి మీ బోధన్‌ది. రెండూ కలిస్తేనే నా చుట్ట" అనేది. మిగిలిన ఈనెలు, తుక్కు పగిలిన కుండలో నానబెట్టి, ఆ నీళ్ళు చీపురుతో చిక్కుడు మీద కొట్టేది. పేనుబంక రాలిపోయేది.

విత్తనానికి మాత్రం వానాకాలంలో, చూరు వారగా, నాలుగైదు మొక్కలు వేరుగా పెట్టేది. వాటి తల తుంచేది కాదు. అవి బతుకమ్మ నాటికి గులాబీ రంగులో పూసేవి. విత్తనం సున్నపు డబ్బీలో ఉంచి నడుముకు దోపుకునేది. చిటికెడు తీస్తే వందల మొక్కలు, గంధం పొడిలా ఉంటుంది. బూడిదలో కలిపి మట్టి మీద ఊరికే చల్లి, అరచేత్తో అద్ది వదిలేసేది.

"పూడ్చవా?" అన్నాను.

"దీన్ని పూడిస్తే చచ్చిపోతుంది అబ్బాయ్. కప్పితే మొలవని జాతి ఇది."

ఈ ముక్క నాకు చెప్పింది, నేను విన్నాను, అయినా ఈ వానాకాలం ఏం చేశాను? ఆమె కూతురి దగ్గరికి పోయేటప్పుడు నాకిచ్చిన పొట్లం విప్పి, బకెట్లో వేలితో గుంటలు చేసి, చిక్కుడు గింజల్లా పెట్టి మట్టి కప్పాను. మొలవలేదు. పొట్లం దులిపినప్పుడు బకెట్ అంచున రాలినది ఏదో అదొక్కటి మొలిచింది. అదే ఇప్పుడున్న మొక్క. ఆమె ఉంటే ఎన్ని తిట్లు తినేవాణ్ణో!

పువ్వుల విషయంలో ఆమెకు ఒక కట్టడి ఉండేది. ఎవరికీ కోసి చేతికివ్వదు. పువ్వు కావలసినవాళ్ళు లోపలికి రావాలి, ఒక గుప్పెడు కలుపు పీకాలి, ఆమెకు చూపించాలి, అప్పుడు కావలసినన్ని కోసుకోవచ్చు. వేళ్ళు లేకుండా పైపైన తెంపిన గడ్డి తెస్తే ఒప్పుకోదు. "ఇది పీకడం కాదు, గొరగడం. పో, మళ్ళీ పీక్కురా." బతుకమ్మ తొమ్మిది రోజులూ గల్లీ ఆడపిల్లలు పొద్దున్నే పళ్ళేలు పట్టుకొచ్చి, పరికిణీలు దోపుకుని కలుపు పీకేవాళ్ళు. ఏడాదిలో ఆమె పెరడు అంత శుభ్రంగా ఎప్పుడూ ఉండేది కాదు.

తెలంగాణ కోసం లొల్లి నడిచిన రోజుల్లో ఎవరో ఆమె గోడ మీద బొగ్గుతో రాశారు, మీ ఊరికి మీరు పొండి అని. అబద్ధమెందుకు, రాష్ట్రం కావాలని నేనూ షాపు మూసి ఊరేగింపులో నడిచాను. అయినా ఆ రాత చూసి సిగ్గేసి, తుడుస్తానని తడిగుడ్డ పట్టుకుపోయాను.

"ఉండనియ్యి. ఏం రాశారో చదువు" అంది. చదివాను. "చెయ్యి బాగుంది" అంది. తరువాత ఆ గోడకు నాలుగు మేకులు కొట్టమని, నా ట్యూబులే కట్టి, బీరపాదు ఎక్కించింది. నెల తిరిగేసరికి రాతంతా పచ్చగా, పసుపు పూలతో నిండిపోయింది. రాసినవాళ్ళలో ఒకడు బీరకాయలకొచ్చాడని, గుప్పెడు కలుపు పీకి మరీ తీసుకుపోయాడని నవ్వుతూ చెప్పింది. ఎవడో మాత్రం చెప్పలేదు.

అసలు తగువు మేడింటామెతో వచ్చింది. మా గల్లీలో రెండంతస్తుల ఇల్లు ఒక్కటే, ఆ ఇంటి ఆమెను అందరమూ మేడింటామె అనే అంటాం. పండుగ పెత్తనమంతా ఆమెది. ఒక ఏడు తాను రాకుండా పనామెను పంపింది పువ్వులకు. పనామె కలుపు పీకబోతే మా అక్క ఆపింది. "నువ్వు కాదు తల్లీ. పువ్వు ఎవరి పళ్ళెంలోకో, ఆ చెయ్యే గడ్డి పీకాలి. మీ అమ్మగారిని రమ్మను."

ఆ మాట మేడకు చేరింది. మరునాటికి మేడ మీంచి ఇంకో మాట దిగింది. "ఆమె నోట్లె సుట్ట, పెరట్ల తంబాకు. ఆ తోట పూలు గౌరమ్మకు పెడ్తరా? మైల."

పిల్లలు రావడం మానేశారు. ఒక రోజు, రెండు రోజులు, ఏడు రోజులు. బంతి విరగబూసి చెట్టు మీదనే ముదురుతోంది. నేను పోతే ఆమె చుట్ట ఆర్పేసి, అరుగు మీద ఊరికే కూర్చుని ఉంది. ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మైల అన్నందుకు కాదు అబ్బాయ్. కోసేవాళ్ళు లేక పువ్వు చెట్టు మీద ఎండిపోతే, పెంచినదానికి ఇంకేం మిగిలింది?" అంది.

సద్దుల రోజు మధ్యాహ్నం బీడీల రాజవ్వ నా షాపుకు పరుగెత్తుకొచ్చింది. రాజవ్వ ఆమెకు పక్కిల్లు, తెల్లారి చాట ఒళ్ళో పెట్టుకుంటే దీపాలదాకా బీడీలు చుట్టే మనిషి. కడుపు పట్టుకుని నవ్వుతోంది. "అన్నా, జర వచ్చి సూడే! మీ ఆంధ్రక్క బతుకమ్మ పేరుస్తంది. గోపురం లెక్క కాదు, గడ్డివాము లెక్క పేరుస్తంది!"

నిజమే. పెద్ద ఇత్తడి పళ్ళెంలో కింద గుమ్మడాకు లేదు, పువ్వులన్నీ కుప్ప. రాజవ్వ కూర్చుని విప్పించి మళ్ళీ పేర్పించింది. ఆకు, మీద తంగేడు, మీద గునుగు, మీద బంతి. నడుమ వరుసకు వచ్చేసరికి మా అక్క లేచిపోయి, కొంగులో పువ్వులు పట్టుకొచ్చింది. లేత గులాబీ రంగు.

"వామ్మో, ఇవి తంబాకు పూలు! ఇయ్యి పెట్టరక్కా."

"ఎందుకు పెట్టరు? ముప్పై ఏళ్ళు ఈ గోడ మీంచి చూశాను. ఎవరు పండించిన పువ్వు వాళ్ళు ఒక వరుస పెట్టుకుంటారు కదా. నేను పండించింది ఇదే."

రాజవ్వ నా వంక చూసింది. నేను రాజవ్వ వంక చూశాను. అట్లాంటి రివాజు ఏదీ లేదు. తంగేడు గుట్ట మీద పూస్తుంది, గునుగు గట్టు మీద పూస్తుంది. ఎవరూ పండించరు. గోడకు అటు నుంచి చూసి చూసి ఆమె తనకు తానే ఒక నియమం అల్లుకుంది. ఆ మాట చెప్పకుండానే రాజవ్వ పువ్వులు అందుకుని వరుస పెట్టించింది.

సందెవేళ గల్లీ మొదట బతుకమ్మలన్నీ దించారు. మా అక్క తన పళ్ళెం తెచ్చి వాటి పక్కన పెట్టింది. మేడింటామె వంగి చూసింది.

"గిది పొగాకు పువ్వు కాదూ? తియ్యి."

"తియ్యను."

"గౌరమ్మకు తంబాకు పెడ్తవా? మా పండుగ నీకేమెరుక? తీసి అవతల పెట్టు."

"ఎవరు పండించింది వాళ్ళు పెట్టాలి కదమ్మా" అంది మా అక్క. ఆ మాటకు నలుగురైదుగురు కిసుక్కున నవ్వారు. ఎవరో, "గట్లెవలు చెప్పిండ్రు నీకు?" అన్నారు. ఆమె ముఖం చూశాను. తన నియమం ఎక్కడా లేదని ఆ నిమిషంలో తెలిసింది. ముఖం ఒక్కసారి కందిపోయింది. వెనక్కి తగ్గుతుందనుకున్నాను. చీర కుచ్చెళ్ళు దోపుకుంది.

"లేదా? లేకపోతే ఇప్పటి నుంచి పెట్టుకోండి. ఇంత పళ్ళెం తెచ్చావు కదా తల్లీ, అన్నీ బజారు పూలే. ఇందులో నీ చేత్తో నీళ్ళు పోసింది ఒక్కటి చూపించు. చూపిస్తే నాది తీసేస్తాను."

నేను ముందుకు పోయి, "ఏ పుస్తకంల లేదు గీ పువ్వు పెట్టొద్దని. నేను సదివిన" అన్నాను. మా అక్క నా మీదికే తిరిగింది.

"నువ్వు పక్కకు పో చదువుకున్న సైకిలబ్బాయ్! పుస్తకం ఒప్పుకుంటేనే పెట్టాలా నేను? పుస్తకంలో వద్దని ఉంటే తీయించేవాడివా?"

పక్కకు పోయాను.

ఆమె తన పళ్ళెం ఎత్తుకుని పదడుగుల అవతల, మురుగు పారే మోరీ పక్కన దించింది. దాని చుట్టూ తిరుగుతూ ఒక్కతే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. పాట రాదు. అడుగు తప్పు. నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. ఆగలేదు.

అప్పుడు రాజవ్వ మేడింటామె ముందుకు వచ్చి రెండు చేతులు చాపింది.

"ఓ దొరసానీ, గీ సేతులు సూడు. పొద్దటి సంది మాపటి దాక తంబాకే. గోర్ల సందుల తంబాకు, కొంగుల తంబాకు. పిలగాండ్లకు బువ్వ కలిపి పెట్టేది గీ సేతులతోటే. గీ సేతులతోటే గునుగు తెంపిన, గీ సేతులతోటే పసుపు ముద్ద చేసి గౌరమ్మను నిలవెట్టిన. ఇన్నేండ్ల సంది ఒద్దన్నవా? తంబాకు పువ్వు మైలైతే గీ సేతులు సుత మైలనే. గట్లయితే నా బతుకమ్మ సుత గాడికే పోతది."

తన బతుకమ్మను ఎత్తుకుపోయి ఆ పళ్ళెం పక్కన దించింది. మా గల్లీలో బీడీలు చుట్టని ఇళ్ళు ఎన్ని ఉన్నాయి? ఇంకొకామె లేచింది. ఇంకొకామె. పళ్ళేలు లేస్తున్నాయి, మోరీ పక్కకు పోతున్నాయి. చివరికి ఇక్కడ మూడో నాలుగో మిగిలాయి. అక్కడ చోటు చాలక వలయం రోడ్డు మీదికి వచ్చింది. రాజవ్వ పాట ఎత్తుకుంది. మా అక్క అడుగు తప్పుతూనే ఉంది, పక్కనున్నామె మోచేత్తో పొడిచి సరిచేస్తూనే ఉంది. కాలువలో వదిలి వచ్చాక రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీద పంచుకున్నారు. మా అక్క నాకు కూడా ఒక ముద్ద తెచ్చిపెట్టి, "ఏడిశావులే, పుస్తకం" అంది. అది రాజీ అని నాకు అర్థమైంది.

మరుసటి ఏడు రాజవ్వ డాల్డా డబ్బాలో ఒక బెండ మొక్క పెంచింది, తన వరుస కోసం. ఆ పై ఏడు ఇంకొక ఇంట్లో వంకాయ పువ్వు, ఇంకొక ఇంట్లో బీరపువ్వు, ఏమీ లేనివాళ్ళు కొత్తిమీర పూతైనా సరే. తెలియక పుట్టిన నియమం మా గల్లీ రివాజైంది. మేడింటామె మూడేళ్ళు తన వాకిట్లోనే ఆడుకుంది. నాలుగో ఏడు కుండీలో పూసిన నాలుగు నందివర్ధనాలు వరుస పెట్టుకుని వచ్చి, మోరీ పక్కన దించింది. క్షమించమని ఆమె అడగలేదు. అడగమని ఎవరూ అనలేదు. మా అక్క జరిగి చోటిచ్చింది, అంతే.

నిన్న సాయంత్రం మేడింటామె కొడుకు నా అరుగు దగ్గర కూర్చున్నాడు. మంచి పిల్లవాడే. ఈసారి మూడు గల్లీలకు కలిపి బతుకమ్మ పోటీ పెడుతున్నారట, వీడియో తీస్తారట.

"బాపూ, మన గల్లీకే ఫస్టు రావాలె. ఒక్కటే మాట. ఆ తంబాకు పూల వరుస ఈసారి ఒద్దు. జడ్జీలు ఏమన్న అంటరు. ఆమె సుత లేదు కదా ఇప్పుడు."

బజారులో వేలాడే పువ్వు గురించి చెప్పాను. "గది వెడితే జడ్జీలు ఏమంటరు?"

"ప్లాస్టిక్‌ది ఎవలు పట్టించుకుంటరు బాపూ?"

"అయితే జడ్జీలకు చెప్పు. మా గల్లీల ఎవలు పండించిన పువ్వు వాళ్ళు పెడ్తరు. ఆమె పండించింది పెట్టుడు మా పని. ఫస్టు మీరే వెట్టుకోండ్రి."

లోపలి నుంచి రాజవ్వ గొంతు. ఆమెకు ఇప్పుడు చూపు మందగించింది, అయినా వేళ్ళు బీడీలు చుట్టడం మానలేదు. బకెట్లో మొక్కను తడిమి చూడటానికి రోజూ వచ్చి మా ఇంట్లోనే కూర్చుంటుంది. "పూలు లేకుంటే ఆకు వెడ్త. నా చాటల మస్తుంది. ఆకు వెట్టుకుని ఆడ్త, పొయ్యి చెప్పుకో!"

పిల్లవాడు నవ్వుతూ లేచిపోయాడు. మాట అనేశాను సరే, మొక్క ఒక్కటే కదా. అదే అన్నాను రాజవ్వతో. పువ్వు కోస్తే విత్తనం పోతుంది, ఆమె పేరు చెప్పి ఆమె జాతినే తుంచినట్టవుతుంది అని. రాజవ్వ బీడీకి దారం కడుతూ ఆగింది.

"నీకు సెప్పలేదా అన్నా? కింది కాయలు ముట్టకు, పైవి తెంపుమని? నాకు ఏటేటా సెప్పేది కదా. కిందవి ముందుగాల పూసి కాయవడ్తయట. పైన పూసినయి ఆలస్యమైనయి, అవి తెంపితే కిందికి బలమొస్తదట."

చెప్పింది. నాకూ చెప్పింది. చూరు వార విత్తనపు మొక్క దగ్గర వంగి, వేలితో కింది గుత్తి ఎత్తి చూపించి మరీ చెప్పింది. నేను ఎన్ని పుస్తకాలు గుర్తుపెట్టుకున్నానో, ఇది గుర్తుపెట్టుకోలేదు.

ఇవాళ సద్దుల బతుకమ్మ. తెల్లారగానే బకెట్ దగ్గరికి పోయాను. కింది గుత్తుల్లో కాయలు పట్టాయి, పచ్చగా, గట్టిగా. నాలుగు రోజుల్లో రంగు తిరుగుతాయి. పైన గులాబీ రంగు పూలు ముప్పైకి పైనే విచ్చాయి. ఒక వరుసకు చాలు. చెయ్యి చాపాను. చాపి, వెనక్కి తీసుకున్నాను.

బకెట్లో గడ్డి ఎంత ఉంటుంది? అంచు వెంబడి రెండు గరిక పోచలు, ఒక తుంగ. మోకాళ్ళు పట్టేసినా కింద కూర్చుని, వేళ్ళతో సహా వచ్చేదాకా ఒక్కొక్కటీ పీకాను. ఒకటి మధ్యలో తెగింది. పుల్లతో తవ్వి దాని వేరు కూడా తీశాను. సిమెంటు పోసిన ఆ పెరటి వైపు తిరిగి, గుప్పెడు ఎత్తి చూపించాను. తరువాత పువ్వులు కోశాను.